ఈదుల ఒడ్డుకు పాకిన మంట

ఎల్లారెడ్డి దగ్గరి మా ఊళ్లో వరి కొయ్యలు కాల్చొద్దని మైకు పట్టుకుని మాట్లాడిన మొదటి రైతును నేను. ఆ మరుసటి యాసంగిలోనే నా మడికి నా చేత్తో నిప్పు పెట్టి, ఆ తప్పు ఇంకో మనిషి నెత్తిన పడుతుంటే పక్కనే నిలబడి చూసిందీ నేనే. మొదటి సంగతి ఊరందరికీ తెలుసు. రెండోది తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల గురించే ఇక్కడ రాస్తున్నాను.

మాకు పోచారం కాలువ కింద మూడెకరాలు. ఏటా రెండు వరి పంటలు, వానాకాలం ఒకటి, ఎండాకాలానికి కోతకొచ్చే యాసంగి ఒకటి. నా చిన్నప్పుడు కొడవళ్లతో నేల దాకా కోసేవాళ్లు. గడ్డి మోపులుగా ఇంటికి వచ్చేది, మడిలో నాలుగు వేళ్ల ఎత్తు మొదళ్లు మిగిలేవి. ఇప్పుడు కోత మిషన్ వస్తుంది. గింజ తీసుకుని, మోకాలెత్తు కొయ్యలను అట్లాగే నిలబెట్టి, వాటి మీద గడ్డిని బారులుగా పోసి పోతుంది. ఊళ్లో పశువులు తగ్గిపోయాయి, ఆ గడ్డి ఎవరికీ అక్కర్లేదు. దున్నితే ట్రాక్టరు వెనక చుట్టుకుంటుంది. ఒక్క అగ్గిపుల్ల గీస్తే మాత్రం గంటలో మడి శుభ్రం. అందుకే ఎండాకాలంలో మా దగ్గర్నుంచి కామారెడ్డికి బస్సులో పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా నల్లటి మడులే కనిపిస్తాయి.

ఒక ఏడాది మా మండలానికి కొత్తగా వచ్చిన వ్యవసాయ అధికారిణి నన్ను పట్టుకుంది. ఊళ్లో అందరం ఆమెను మేడం అనే పిలిచేవాళ్లం. "అన్నా, ఒక్క పంటకు కాల్చకుండా చూడు. నీళ్లు పెట్టి, కొంచెం ఎరువు చల్లి, రోటవేటరుతో కలియదున్ను. పదిహేను దినాలల్ల మెత్తగ కుళ్లిపోతది" అంది. నేను విన్నాను. అదృష్టం కొద్దీ ఆ ఏడాది కోతలు తొందరగా అయిపోయాయి, కాలువలో నీళ్లున్నాయి, ట్రాక్టరు అడిగిన రోజే దొరికింది. కొయ్యలు కుళ్లాయి. మన్ను చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలింది. ఆ పంట బాగానే వచ్చింది.

రైతు వేదికలో మీటింగు పెట్టి మేడం నన్ను స్టేజీ ఎక్కించింది. భుజాల మీద శాలువా కప్పారు. నేను మాట్లాడాను. నేలలోని వానపాముల గురించి, మంట పక్కకు పాకితే జరిగే నష్టం గురించి, ఒడ్డున చెట్లుంటే ఎంత జాగ్రత్తగా ఉండాలో కూడా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి ఎవరైనా కొయ్యలు కాలుస్తుంటే బండి ఆపి మరీ చెప్పేవాణ్ణి. అట్లా చెప్పడంలో నాకు ఒక రుచి దొరికింది. అది మన్ను మీద ప్రేమ కాదని, మంది ముందు మంచివాడిగా నిలబడడం మీద మోజని ఇప్పుడు అనిపిస్తుంది.

మా పొలం తూర్పు ఒడ్డున వరసగా ఈత చెట్లు ఉండేవి. మా దిక్కు వాటిని ఈదులు అంటాం. ఆ ఒడ్డు అవతలి పొలం, ఆ చెట్లు ఒక కల్లు గీసే అన్నవి. నాకంటే పదేళ్లు పెద్ద. చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా పొద్దున్నే నడుముకు మోకు కట్టుకుని చెట్టుచెట్టుకూ ఎక్కి కల్లు పట్టే లొట్లు దించేవాడు. వాళ్ల బాపు కూడా ఆ చెట్లే గీశాడట. నేను మడికి నీళ్లు పెట్టడానికి పోతే పైనుంచే "తమ్మీ, మీ మోటరు నీళ్లు పోస్తలేదు, జర చూస్కో" అని కేకేసేవాడు. అంత పైనుంచి నా మడిని నాకంటే బాగా చూసేవాడు.

ఆ తర్వాతి యాసంగి ఏదీ కలిసి రాలేదు. కోతల సమయంలో రాళ్లవాన పడింది. ఒరిగిన వరిని మిషన్ పైపైన కోసింది. కొయ్యలు అడ్డదిడ్డంగా పడిపోయాయి, గడ్డి తడిసి ముద్దలైంది. వడ్లు ఆరబోసి కొనుగోలు కేంద్రం దగ్గర కాంటా కోసం కాపలా కాయడంలోనే మే నెల సగం గడిచింది. గడ్డి కట్టలు కట్టే మిషన్ అతను తడి గడ్డి వద్దన్నాడు. కాలువ బంద్ అయింది. ట్రాక్టరు అతను ఫోన్ చేసి, "అన్నా, ఎల్లుండి వస్త. ఎల్లుండి కాదంటే మల్ల పదిహేను దినాలు నన్ను అడగకు. మడి సాఫ్ జేసి పెట్టుకో" అన్నాడు.

మరునాడు మధ్యాహ్నం వంటింట్లో పొయ్యి పక్కనున్న అగ్గిపెట్టె జేబులో వేసుకుని పొలానికి పోయాను. మా ఇంటామె అడిగితే మోటరు స్టార్టరు చూసొస్తానన్నాను. అప్పటికే అబద్ధం మొదలైంది. ఎండలో ఆ పక్క పొలాల్లో ఎవరూ లేరు. గాలి పడమటి నుంచి వీస్తోంది. అది నాకు తెలుసు. జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకుంటుంటే దాని కొస తూర్పుకు ఎగిరింది. ఒడ్డు వెంట రెండు గజాల మేర గడ్డి లాగేస్తే మంట అక్కడ ఆగిపోయేది. రైతు వేదికలో నేను చెప్పిన మాటే అది. గంట పని. ఎండ చూసి బద్ధకించాను. పడమటి మూల కూర్చుని పుల్ల గీశాను.

తడిసి ముద్దలైన గడ్డి కదా, మెల్లగా కాలుతుందనుకున్నాను. పైన గడ్డి ముద్దకట్టి ఉన్నా కింద కొయ్యలు ఎండి ఉన్నాయి. మంట కిందినుంచి పాకింది. నేను తూర్పు ఒడ్డుకు చేరేలోపే ఎండిన ఒడ్డు గడ్డిని పట్టుకుంది. కానుగ కొమ్మ విరిచి కొట్టాను. మొదటి ఈదుకు కిందిదాకా వేలాడుతున్న ఎండు మట్టలున్నాయి. అవి అంటుకోగానే చెట్టు మొదటి నుంచి మొవ్వు దాకా ఒక్కసారిగా లేచింది. ఆ చప్పుడు నేనెప్పుడూ వినలేదు. పెద్ద గుడ్డ చింపుతున్నట్టు ఉంది. పైనున్న లొట్టి పగిలి కింద పడింది. తర్వాత రెండో చెట్టు. తర్వాత మూడోది.

అప్పుడు నేను చేయాల్సింది ఊళ్లోకి పరుగెత్తి మందిని పిలవడం. ఫైరింజనుకు ఫోన్ చేయడం. నేను బండెక్కి కాలువ కట్ట మీదుగా ఎల్లారెడ్డికి పోయాను. మందిని పిలవడానికే పోతున్నానని దారిలో నాకు నేను చెప్పుకున్నాను. బస్టాండు దగ్గర ఒక హోటల్లో కూర్చుని చాయ్ తాగాను. రెండు సార్లు ఫోన్ తీశాను, రెండు సార్లూ జేబులో పెట్టాను. చేతులు మసిగా ఉంటే ఆ హోటలు నల్లా దగ్గర కడుక్కున్నాను. ఆ కడుక్కోవడం గుర్తొస్తే ఇప్పటికీ ఒంటరిగా ఉన్నా తల దించుకుంటాను.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఊళ్లోవాళ్లు బిందెలతో, కొమ్మలతో మంటలు ఆర్పేశారు. ఈదులన్నీ నల్లగా నిలబడి ఉన్నాయి. కల్లు గీసే అన్న ఒక చెట్టు మొదట్లో కూర్చుని దాని బెరడు మీద చెయ్యి పెట్టి చూస్తున్నాడు. ఇంకా వేడిగా ఉందేమో, తీసేస్తున్నాడు, మళ్లీ పెడుతున్నాడు. నేను బండి దిగగానే ఒకాయన నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"యాడికి పోయినవే? నీ మడికి ఎవడో అంటవెట్టిండు. మీటింగుల చెప్పినోనివి నువ్వు, నీ మడికే గిట్లాయె."

నేను అబద్ధం ఆడాల్సిన అవసరం కూడా రాలేదు. నా శాలువా నాకు సాక్ష్యం పలికింది. నేను కాలుస్తానని ఊళ్లో ఒక్కరికి కూడా తోచలేదు.

"ఎల్లారెడ్డికి పోయిన" అన్నాను. అది నిజమే.

ఆ వారం కాలువ అవతల ఒక గొర్ల మంద దిగి ఉంది. జుక్కల్ దిక్కు నుంచి వచ్చిన కాపరి, అరవై ఏళ్లుంటాయి. కోతలయ్యాక గొర్లను తోలుకుంటూ మా దిక్కు వస్తాడు. మాటలో కన్నడం కలిసి ఉంటుంది. ఎవరో అన్నారు, "గా గొర్లాయన బీడి తాగి పారేసి ఉంటడు" అని. ఆ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోయేసరికి 'ఉంటడు' పోయి 'పారేసిండు' మిగిలింది. నలుగురు పోయి అతన్ని పిలుచుకొచ్చారు.

కల్లు గీసే అన్న లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. ఆ రోజు నోటికి వచ్చిన తిట్లన్నీ తిట్టాడు. కాపరి తలకున్న రుమాలు తీసి చేతిలో పట్టుకుని, "నేను బీడి తాగనప్పా. తంబాకు నములుత. నా దగ్గర అగ్గిపెట్టె గూడ లేదు, చూసుకోండ్రి" అని నడుముకున్న సంచి విప్పి చూపించాడు. ఎవరూ చూడలేదు. నేను చూశాను. అందులో తంబాకు, సున్నం డబ్బీ, గొర్లకు వేసే మందు సీసా ఉన్నాయి. నా జేబులో అగ్గిపెట్టె ఉంది.

అతను అందరి ముఖాలూ చూస్తూ వచ్చి నా ముఖం దగ్గర ఆగాడు. నేను చెప్పిన మాట ఇది: "పోనియ్యిండ్రి. అయ్యిందేదో అయ్యింది. ముసలాయనను ఏమనకుండ్రి."

"గదీ మంచితనమంటే" అన్నారు వెనక ఎవరో.

మరునాడు పదకొండు గంటల ఎండలో అతను మందను తోలుకుని వెళ్లిపోయాడు. ఈనిన గొర్రెలు కొన్ని ఉన్నాయి. నిలవలేని పిల్లలను గాడిద మీది సంచుల్లో వేసుకున్నాడు. ఊళ్లో ఎవరూ వాటిని నీళ్లు తాగనివ్వలేదని తర్వాత విన్నాను.

 అదే రోజు పొద్దున మా ఇంటామె పొయ్యి ముట్టించడానికి వెతికి, "అగ్గిపెట్టె ఏది?" అంది. నేను జేబులోంచి తీసి ఇచ్చాను. ఆమె దాన్ని పట్టుకుని నన్నే చూసింది.

"స్టార్టరు చూసొస్త అన్నవ్."

"ఊఁ."

"చెప్తవా, చెప్పవా?"

"చెప్త. జర ఆగు."

"ఎవలకు చెప్తవని అడుగుతున్న. నాకైతే ఎర్కైంది."

ట్రాక్టరు వచ్చింది. మడి సాఫ్‌గా దున్నింది. నారు పోశాం, నాట్లు వేశాం. తూర్పు ఒడ్డున ఈదుల మొవ్వులు ఒక్కొక్కటే విరిగి వేలాడాయి. నాలుగైదు మాత్రం పచ్చటి మట్ట తొడిగాయి. తక్కినవి చచ్చిపోయాయి. కల్లు గీసే అన్న ఒక పొద్దున సంచి సర్దుకుని బీబీపేట దిక్కు ఎవరివో చెట్లు గీయడానికి పోయాడు. పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. తన చెట్లు తాను గీసుకున్న మనిషి, ఆ వయసులో పరాయి చెట్లెక్కుతున్నాడు. కనిపించినప్పుడు నేనే ముందు పలకరించేవాణ్ణి. అతను "బాగున్నవా తమ్మీ" అనేవాడు. అనకపోయి ఉంటే బాగుండేది.

వానాకాలం సగంలో మేడం మళ్లీ మీటింగు పెట్టింది. ఈసారి నస్రుల్లాబాద్ వైపు రైతులు కూడా వచ్చారు. నన్ను చూపించి, "ఈ అన్న కాల్చకున్నా ఎవరిదో నిర్లక్ష్యంతోని ఈయన మడి కాలిపోయింది. అయినా మనందరికీ చెప్పడానికి వచ్చిండు" అంది. మైకు నా చేతికి ఇచ్చింది. చెప్పేయాలనే పోయాను ఆ రోజు. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. కానీ అన్ని ముఖాలు నా వైపు తిరిగేసరికి నోట్లోంచి పాత మాటలే వచ్చాయి. వానపాములు, మన్ను, ఒడ్డు చెట్లు. ముందటికంటే బాగా మాట్లాడాను. మేడం కళ్లు తుడుచుకుంది.

ఇంటికి వచ్చాక మా ఇంటామె అన్నం పెట్టింది కానీ ఎదురుగా కూర్చోలేదు. "గా ముసలాయన యాడుంటడో ఎర్కేనా నీకు?" అని మాత్రం అడిగింది.

రెండు రోజుల తర్వాత జుక్కల్ పోయాను. అక్కడ సంతలో మరాఠీ, కన్నడం, తెలుగు కలగలిపి మాట్లాడుకుంటున్న గొర్ల బేరగాళ్లను అడుగుతూ, మూడో ఊళ్లో అతని ఇల్లు పట్టుకున్నాను. రేకుల కొట్టం ముందు కూర్చుని ఉన్ని తాడు పేనుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. లోపలి నుంచి నీళ్లు తెప్పించాడు.

"కూసో అప్పా. నువ్వు నన్ను ఏమనలే ఆ దినం. నువ్వొక్కడివే ఏమనలే."

నీళ్ల చెంబు పక్కన పెట్టి, "కాకా, మడికి అంటవెట్టింది నేనే" అన్నాను.

అతని చేతిలో తాడు ఆగింది. కోపం వస్తుందని ఎదురు చూశాను. తిడితే బాగుండుననుకున్నాను. అతను గొర్ల వైపు చూసి, "ఈ మాట గీడ ఎవరు ఇంటున్నరు?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"నన్ను తిట్టింది మీ ఊర్ల. నలుగురి ముంగట. నువ్వొచ్చి ఈడ నా చెవుల చెప్తున్నవ్. నాకు ముందే తెలుసు కదప్పా, నేను కాదని. తెలియనోళ్లకు చెప్పు."

చెయ్యి కూడా విసరలేదు, గొంతూ పెంచలేదు. తాడు పేనడం మొదలుపెట్టాడు. క్షమాపణ అడగడానికని పోయి, నిజానికి నా బరువు అతని మీద దించుకోవడానికే పోయానని తెలుసుకుని తిరిగి వచ్చాను.

మా ఊళ్లో పొద్దున ఆరున్నరకు పాల కేంద్రం దగ్గర అందరూ కలుస్తారు. కల్లు గీసే అన్న ఊళ్లో ఉన్న రోజు చూసుకుని పోయాను. క్యాన్లు వరసలో ఉన్నాయి. గొంతు ఎట్లా పెంచాలో తెలియలేదు. మైకులో మాట్లాడినవాణ్ణి, మైకు లేకుండా నాలుగు మాటలు రాలేదు. చివరికి, "ఈదుల ఒడ్డుకు నిప్పు నాతోనే అంటుకుంది. కొయ్యలు నేనే కాల్చిన. గొర్లాయన తప్పు లేదు" అన్నాను.

కొందరు నవ్వారు, పరాచికం అనుకున్నారు. నా ముఖం చూసి ఆపేశారు. కల్లు గీసే అన్న చేతిలోని చిన్న క్యాన్ కింద పెట్టి దగ్గరికి వచ్చాడు.

"గాలి ఎటుండె ఆ దినం?"

"పడమటి గాలి."

"అంటే ఎర్కుండే నీకు."

"ఎర్కుండే అన్నా."

ఆ ఒక్కటీ తేల్చుకోవాలనుకున్నట్టున్నాడు.  "చెట్లు పోయినయంటే పోయినయ్. గా ముసలాయనను నేను తిట్టిన. నా ఇంటిల్లిపాది ఎన్నడు ఇనని తిట్లు తిట్టిన. నా నోటితోని తిట్టిపిచ్చినవ్ గదరా." తమ్మీ అనే మనిషి మొదటిసారి నన్ను 'గదరా' అన్నాడు.

నేను చెట్ల నష్టానికి ఏమైనా ఇస్తానని మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "నీ బండి తీయి. జుక్కల్ పోదాం."

నా వెనక ఎక్కి కూర్చున్నాడు. బాన్సువాడలో ఆపి చాయ్ తాగుదామన్నా దిగలేదు. కొట్టం ముందు కాపరిని చూడగానే చెప్పులు విడిచి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "తెల్వక అన్న మాట కాకా, మనసుల పెట్టుకోకు" అన్నాడు. ముసలాయన అతన్ని మంచం మీద కూర్చోబెట్టుకుని, ఎన్ని చెట్లు బతికాయని అడిగాడు. ఇద్దరూ చెట్ల గురించి, గొర్ల గురించి మాట్లాడుకున్నారు. ఆ ఇంటామె జొన్న రొట్టెలు, పచ్చికారం పెట్టింది. నా ముందూ ఒక రొట్టె పెట్టింది. ఎవరూ నన్ను పొమ్మనలేదు, ఎవరూ నాతో మాట్లాడనూ లేదు. ఆ రొట్టె తిని చేతులు కడుక్కోవడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పలేను.

ఇది జరిగి కొన్నేళ్లయింది. కాపరి ప్రతి ఎండాకాలం మా ఊరికి వస్తున్నాడు. కల్లు గీసే అన్న పొలంలోనే మంద పెడతాడు. రాత్రంతా గొర్లు పడుకున్న మడికి ఎరువు అక్కర్లేదు. నా మడిలో పెట్టమని నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. తూర్పు ఒడ్డున నేను నాటిన ఈత మొక్కలు నడుమెత్తు అయ్యాయి. అవి గీతకు రావాలంటే ఇంకా ఏళ్లు పడుతుంది. కల్లు గీసే అన్నకు ఆ విషయం చెబితే, "అప్పటికి నా మోకాళ్లు ఉండాలె గద" అన్నాడు. మాట్లాడుతాడు, అవసరమైనంత వరకు. తమ్మీ అనే మాట మళ్లీ రాలేదు.

మేడంకు నేనే పోయి చెప్పాను.  ఆమె నన్ను మీటింగులకు పిలవడం మానేసింది. అది న్యాయమే.

ఇప్పుడు నేను కాల్చను. కోత మిషన్ అతనితో గొడవపడైనా కిందికి కోయిస్తాను. గడ్డి కట్టలు కట్టిస్తాను. ఆలస్యమైతే ఆలస్యంగానే నాటేస్తాను. కానీ ఇంకొకరికి చెప్పలేను. పోయిన ఎండాకాలం మా పొలానికి రెండు పొలాల అవతల ఒక రైతు కొయ్యలకు నిప్పు పెడుతుంటే పొగ చూసి పరుగెత్తాను. నన్ను చూడగానే అతను నవ్వాడు.

"ఏందన్నా, వద్దని చెప్పనీకి ఒచ్చినవా?"

"లేదు" అన్నాను. "ఒడ్డు పొంటి గడ్డి గుంజుదాం పా. గాలి ఇటే ఉంది."

ఇద్దరం కలిసి గడ్డి లాగాం. అతను మూలన పుల్ల గీశాడు. నేను స్ప్రేయరులో నీళ్లు నింపుకుని ఒడ్డు మీద నడుస్తూ, ఆ మంట పూర్తిగా ఆరేదాకా అక్కడే ఉన్నాను. అతని మన్ను కాలుతుంటే చూస్తూ ఉన్నాను. వద్దు అనే మాట గొంతు దాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది.